గమ్యం వేరు, రోజువారీ పని వేరు

'మీరు జీవితంలో ఏం సాధించాలనుకుంటున్నారు?' అని ఎవరినైనా అడిగి చూడండి. చాలామంది కాసేపు ఆలోచించి, 'పెద్దమ్మాయి పెళ్ళి చేయాలి, మేడ మీద ఇంకో గది వేయాలి, చిన్నవాడి ఫీజు కట్టాలి' అంటారు. మనం అడిగింది గమ్యం గురించి. వారు చెప్పింది పనుల జాబితా. ఆ పనులు అల్పమైనవని అనడం లేదు. అవి చేయకపోతే సంసారం నడవదు. కుటుంబాన్ని పోషించడం మన ధర్మంలో పుణ్యకార్యమే కూడా. అయితే ఈ పనులన్నీ తీరిన నాటికి ఆ మనిషి ఏమై ఉంటాడు, అతని చేతి నుంచి లోకానికి ఏం మిగిలి ఉంటుంది అంటే ఆ జాబితాలో జవాబు దొరకదు. అసలు అతనిని ఆ ప్రశ్న అడిగినవారే ఉండకపోవచ్చు.

ఈ రెండింటికీ ఉన్న తేడాను రాళ్ళతో కట్టి చూపించిన చోటు ఒకటి ఉత్తరాంధ్రలో ఉంది. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా పన్నెండు కిలోమీటర్లు వెళితే రామతీర్థం వస్తుంది. అక్కడి రామాలయం వల్ల ఆ ఊరు అందరికీ తెలుసు. పండుగలకు చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా అక్కడికి తరలివస్తారు. కాని ఊరిని ఆనుకుని ఉన్న కొండల సంగతి తెలిసినవారు తక్కువ. బోధికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ అని వాటి పేర్లు. దుర్గకొండ గుహల దగ్గర జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ భిక్షువులు నివసించిన ఆరామం శిథిలాలున్నాయి. గత శతాబ్దం తొలి ఏళ్ళలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపించినప్పుడు శాతవాహనుల కాలం నాటి నాణేలు కూడా దొరికాయి. అంటే మనం సుమారు రెండు వేల ఏళ్ళ నాటి సంగతి మాట్లాడుకుంటున్నాం.

ఆ ఆరామం ఉన్న తీరు గమనించదగ్గది. కొండకు ఉత్తరం వైపున, నేల నుంచి దాదాపు 500 అడుగుల ఎత్తులో, సన్నని అరుగులాంటి రాతి భాగం ఒకటి తొమ్మిది వందల అడుగుల పొడవున సాగి ఉంటుంది. దాని మీదే స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల వరుసలు కట్టారు. దానికి దక్షిణంగా నిటారైన బండ లేచి ఉంటుంది. ఆ బండ మొదట్లో సహజంగా ఏర్పడిన నీటి గుంట ఉంది. ఎండలో ఆ కొండ ఎక్కినవారికి ఆ గుంట అక్కడ ఉండటం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

సన్యాసం మన మార్గం కాదు. ఆలుబిడ్డలను వదిలి కొండలెక్కడాన్ని ఇస్లాం ప్రోత్సహించలేదు. ఆ భిక్షువుల విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా వారు ఒక సంగతి గ్రహించారని ఆ కట్టడాలు చూస్తే తెలుస్తుంది. వారు ధ్యానానికి, చదువుకు వచ్చారు. కాని మనిషన్నాక తాగడానికి, ఒళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు కావాలి. నీళ్ళ కోసం రోజూ ఐదు వందల అడుగులు దిగి ఎక్కవలసి వస్తే ఆ కొండ మీద నీళ్ళు మోసేవారే మిగిలేవారు, చదివేవారు ఉండేవారు కాదు. అందుకే నీళ్ళ పక్కన గదులు కట్టుకున్నారు. రోజువారీ పనిని వారు తప్పించుకోలేదు. దాన్ని గమ్యానికి దగ్గరగా జరిపి, అది తినే సమయాన్ని తగ్గించారు.

మన ఇళ్ళలో తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందు పనులు వచ్చి రోజంతా పరుచుకుంటాయి. రాత్రి ఇషా నమాజు తర్వాత మిగిలిన పావుగంటలో, కళ్ళు మూతలు పడుతుండగా, 'నేను ఉర్దూ చదవడం నేర్చుకోవాలనుకున్నాను కదా', 'ఆ డిగ్రీ పరీక్ష రాయాలనుకున్నాను కదా' అని గుర్తుకొస్తుంది. రేపు చూద్దాంలే అనుకుని పడుకుంటాం.

ఇందుకు కారణం లేకపోలేదు. రోజువారీ పనికి నోరుంది. బియ్యం నిండుకుంటే ఇల్లాలు చెబుతుంది, కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు, ఆలస్యమైతే యజమాని కేకలేస్తాడు. గమ్యానికి అలాంటి నోరు లేదు. ఈ రోజు దాని కోసం ఏమీ చేయకపోయినా ఎవరూ మందలించరు. రేపు చేయకపోయినా అంతే. పదేళ్ళు చేయకపోయినా పొరుగింటివారికి కూడా తెలియదు. ఇంకొక తేడా కూడా ఉంది. పని సాయంత్రానికి పూర్తవుతుంది, పూర్తయిందన్న తృప్తి వెంటనే దొరుకుతుంది. గమ్యం కోసం ఒక గంట కూర్చుంటే ఆ గంట చివర చూపించడానికి ఏమీ ఉండదు. అరబీ అక్షరాలు నేర్చుకునే ముసలాయన మొదటి నెల చివర ఏం చూపించగలడు? అందువల్ల మనసు సహజంగానే చిన్న పనుల వైపు వాలుతుంది. రోజంతా తీరిక లేకుండా తిరిగినవాడు తాను గమ్యం వైపు నడిచానని నిజంగానే అనుకుంటాడు.

'తీరిక దొరికితే చేస్తాను' అంటారు చాలామంది. రామతీర్థానికి దగ్గరలోనే నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉంది. ఎన్నోసార్లు మూతపడి, మళ్ళీ తెరుచుకున్న మిల్లు అది. మిల్లు నడుస్తున్నప్పుడు ఆ కార్మికుల ఇళ్ళలో వంట, నిద్ర, పెళ్ళిచూపులు అన్నీ షిఫ్టును బట్టే జరగాలి. తీరిక మాటే ఉండదు. మిల్లుకు తాళం పడితే కావలసినంత తీరిక ఉంటుంది, కాని అప్పుల బెంగతో ఆ తీరికలో మనసు నిలవదు. ఏదో ఒకనాడు నిబ్బరమైన మనసుతో, ఖాళీ చేతులతో కూర్చునే రోజు వస్తుందని ఎదురుచూడటం కష్టజీవుల విషయంలో అక్కరకు రాని సలహా. ఆకలి తరుముతున్న ఇంటికి వెళ్ళి గమ్యం గురించి ఉపన్యాసం చెప్పడం భావ్యం కాదని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. ఈ వ్యాసం పూట గడుస్తున్న ఇళ్ళ కోసం. అలాంటి ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు.

మరో మాట ఉంది. దాన్ని కాస్త నొచ్చుకోకుండా వినాలి. 'ఇన్షా అల్లాహ్, చూద్దాం' అంటాం. అల్లాహ్ తలిస్తే అనడం మనం చేయబోయే పనికి వినయాన్ని జోడించడానికి. చేయాలన్న ఉద్దేశం ఉండి, అందుకు ఏర్పాట్లు చేసుకుని, ఫలితం మన చేతిలో లేదని ఒప్పుకునే మాట అది. మరి మనమో? చేసే ఉద్దేశం లేని పనికి మర్యాదగా కప్పే దుప్పటిగా దాన్ని వాడుతున్నాం. అప్పు తిరిగి ఇమ్మన్నవాడికీ అదే మాట, చదివించమని బతిమాలే కూతురికీ అదే మాట.

నమాజుకు నిలబడేటప్పుడు సంకల్పం (నియ్యత్) చేసుకోవడం మనకు చిన్ననాటి నుంచి అలవాటు. ఏ నమాజు, ఎందుకు అన్న స్పృహ లేకుండా లేచి, వంగి, కూర్చుంటే అది కేవలం శరీరం కదలడమే అవుతుందని పిల్లలకు కూడా తెలుసు. ఇదే కొలతను దుకాణానికీ, వంటింటికీ, ఆఫీసుకూ ఎందుకు పెట్టం? ఇద్దరు దర్జీలు పక్కపక్కన మిషన్లు తొక్కుతుంటారు. ఒకడు ఈ నెల అద్దె కోసం కుడుతుంటాడు. రెండోవాడికీ అద్దె బాధ ఉంది, కాని ఐదేళ్ళలో నలుగురికి పని నేర్పే షాపు పెట్టాలన్నది అతని సంకల్పం. బయటి నుంచి చూస్తే ఇద్దరి పనీ ఒకటే. రెండోవాడు మాత్రం కొత్త మోడల్ వస్తే విప్పి చూస్తాడు, లెక్కలు రాసి పెట్టుకుంటాడు, రోజూ పది రూపాయలు పక్కన పెడతాడు. గమ్యం ఉన్నవాడికి రోజువారీ పని తగ్గదు. పైగా కాస్త పెరుగుతుంది.

ఈ మాటకు నిలువెత్తు సాక్ష్యం ఉత్తరాంధ్ర ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి పంతులు. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదివారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఇల్లు గడవాలి గనుక 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి పంతులుగా చేరారు. మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పడమే ఆయన రోజువారీ పని. గంట కొట్టగానే తరగతికి వెళ్ళాలి, పరీక్ష కాగితాలు దిద్దాలి, ఇన్‌స్పెక్టరు వస్తే జవాబు చెప్పాలి. ఏ పంతులికైనా ఇంతే.

అయితే ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, ఆ పిల్లలకు బడి లేదు. ఆ భాషను నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాయాలని పంతులుగారు సంకల్పించారు. ఎవరూ ఆయనకు ఆ పని అప్పగించలేదు. దానికి జీతం లేదు, గడువు లేదు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కొక్క మాటా నేర్చుకున్నారు. సెలవుల్లో అడవుల వెంట తిరిగారు. అక్కడ మలేరియా పట్టుకుంటే క్వినైను మింగారు, దాని వల్ల చెవుడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోవడం ఎలాంటి దెబ్బో ఊహించండి! అయినా మానలేదు. సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు బడులు నడిపారు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆయన కన్నుమూసింది 1940 జనవరిలో. పంతులుగా చేరిన ఏడాది నుంచి లెక్క వేస్తే నిఘంటువు నాటికి 58 ఏళ్ళు. ఆయన దిద్దిన పరీక్ష కాగితాలు ఏనాడో చెదలు తినేసి ఉంటాయి. నిఘంటువు నిలిచింది. ఈ మధ్యలోనే వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం ఉంది. మనం ఈ రోజు ఈ పేజీని ఇంత తేలికైన తెలుగులో చదువుకోగలగడానికి అది ఒక కారణం. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ముస్లిం పాఠకులకు ఈ కథలో ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. గిడుగువారి బాటలో వాడుక భాష వైపు నిలిచిన పండితుల్లో చిలుకూరి నారాయణరావు ఒకరు. ఆయనదీ శ్రీకాకుళం ప్రాంతమే. ఉద్యోగం అనంతపురం కాలేజీలో తెలుగు బోధించడం. 1937లో వెలువడిన ఆయన 'ఆంధ్ర భాషా చరిత్రము' పండితులకు తెలిసిన గ్రంథం. అదే మనిషి స్వాతంత్ర్యానికి చాలా ఏళ్ళ ముందే దివ్యఖుర్‌ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. తెలుగులో మొట్టమొదటి అనువాదకుడిగా ఆయన పేరే చెబుతారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఒక కాలేజీ మాస్టారు పాఠాలు చెప్పుకుంటూనే అంత పెద్ద పనికి పూనుకున్నారు. మరి రోజూ ఆ గ్రంథాన్ని ముద్దాడి అటక మీద పెట్టే మనం, దాని అర్థం ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చదవాలన్న సంకల్పాన్ని ఎన్నేళ్ళుగా వాయిదా వేస్తున్నాం?

కొందరికి పనుల నుంచి పూర్తిగా తప్పుకునే అవకాశం దొరుకుతుంది. చరిత్రకారుడు ఇబ్నె ఖల్దూన్ రాజాస్థానాల గొడవలతో విసిగి, నేటి అల్జీరియాలోని ఒక కోటలో దాదాపు నాలుగేళ్ళు తలదాచుకున్నారు. 'ముఖద్దిమా'ను అక్కడే 1377లో ఐదు నెలల్లో రాశారు. అదృష్టవంతులు. మనకు కోటలు లేవు. గిడుగువారి దారే మనకు పనికొస్తుంది.

ఇక పిల్లల విషయం. మన ఇళ్ళలో 'మావాడి లక్ష్యం ఇంజనీరింగ్' అని తండ్రి చెబుతుంటే కొడుకు తల వంచుకుని నిలబడి ఉంటాడు. అది ఎవరి లక్ష్యం? తండ్రి కోరికను కొడుకు రోజువారీ పనిలా మోస్తున్నాడు, అంతే. ర్యాంకు రాగానే, లేదా రాకపోగానే, ఆ పని అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేయాలో వాడికి తెలియదు. పిల్లవాడు ఏ పనిలో ఆకలి మరిచిపోతున్నాడో గమనించడం కన్నవారి బాధ్యత. రేడియో విప్పేవాడు కావచ్చు, ఖిరాత్ అందంగా చేసేవాడు కావచ్చు, లెక్కల పిచ్చివాడు కావచ్చు. వాడి గమ్యం వాడి నోట రావాలి. మనం దానికి దారి ఖర్చులు చూసుకోవాలి.

పెద్దవాళ్ళలో ఇదే పొరపాటు ఇంకోలా ఉంటుంది. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళినవారిని చూడండి. రెండేళ్ళు పనిచేసి, కాస్త డబ్బు కూడబెట్టుకుని, తిరిగొచ్చి ఊళ్ళో చిన్న వ్యాపారం పెట్టుకుని భార్యాబిడ్డలతో ఉండాలని బయలుదేరినవారు ఎందరో. అదీ గమ్యం. డబ్బు పంపడం దానికి మార్గం. రెండేళ్ళు ఆరవుతాయి, ఆరు పదిహేనవుతాయి. ఇంటికి పైఅంతస్తు వస్తుంది, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అవుతాయి. ఆయన మాత్రం సెలవులకు వచ్చే చుట్టంగానే ఉంటాడు, కొడుకు గడ్డం గీసుకోవడం మొదలుపెట్టిన సంగతి ఫోటోలో చూస్తాడు. ఆయనను తప్పుపట్టడానికి మనసు రాదు. కాని ఎన్ని లక్షలు చేతికొస్తే తిరిగొస్తావు అని బయలుదేరే రోజునే భార్యాభర్తలు కూర్చుని కాగితం మీద రాసుకుని ఉంటే బాగుండేది. అంకె లేని గమ్యాన్ని డబ్బు ఎప్పుడూ ఇంకాస్త ముందుకు నెడుతూనే ఉంటుంది.

ఇక చెప్పవలసిన అసలు విషయం ఆడపిల్లల గురించి. మగవాడి గమ్యం వెనకబడితే కనీసం వాడు బాధపడతాడు. ఆడపిల్లకు గమ్యం ఉండవచ్చునన్న సంగతే చాలా ఇళ్ళలో ఎవరికీ తట్టదు. ఆమెకు కేటాయించినవన్నీ పనులే. నీళ్ళు పట్టడం, తమ్ముళ్ళను బడికి తయారుచేయడం, నానమ్మకు మందులివ్వడం, రంజాన్ నెలలో సహరీకి అందరికన్నా ముందు లేవడం. ఇంటర్ ఫస్టుక్లాసులో పాసైన అమ్మాయి, 'టీచరు ట్రైనింగ్ చేస్తానమ్మీ' అంటే తల్లి, 'చేద్దువులే, ముందు ఆ గిన్నెలు కడుగు' అంటుంది. అందులో కాఠిన్యం లేదు. ఆ తల్లికీ ఇరవై ఏళ్ళ క్రితం ఎవరో అలాగే చెప్పి ఉంటారు. మహాప్రవక్త (సఅసం) తన చెప్పులు తానే బాగు చేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని, ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని శుక్రవారం ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. విని, ఇంటికొచ్చి, కూర్చున్నచోటికే మంచినీళ్ళు తెమ్మని కూతురిని కేకేస్తాం.

ఆ అమ్మాయికి రోజుకు ఒక గంట ఇవ్వాలి. గడియారం చూసి ఇచ్చే గంట ఎలాగూ దక్కదు, ఎవరో ఒకరు వచ్చి తలుపు తడతారు. నమాజుతో ముడిపెడితే దక్కుతుంది. మన రోజును ఐదు చోట్ల కట్టి ఉంచిన వేళలు మనకున్నాయి. ఫజర్ తర్వాత గంట ఆమె పుస్తకానిది అని ఇంట్లో అందరి ముందూ చెప్పాలి. ఆ గంటలో ఎవరూ ఆమెను పిలవకూడదు, చుట్టాలు వచ్చినా సరే. గురుభక్తులకొండ మీద నీళ్ళ పక్కన గదులు కట్టుకున్నట్టే ఇదీ ఒక ఏర్పాటు. ఏర్పాటు లేకుండా ఇచ్చే ప్రోత్సాహం మాటలతోనే పోతుంది.

మునిసిపాలిటీ కుళాయి కూడా చాలా ఊళ్ళలో సరిగ్గా ఆ వేళకే వస్తుంది. ఆ గంటలో బిందెలు ఎవరు పట్టాలన్నది ఇంట్లో ఉన్న తండ్రి, అన్నదమ్ములు ఈ రోజే కూర్చుని తేల్చుకోవలసిన విషయం.